క్షిజోవా: జనం మొత్తం మారిపోయిన ఒక పోలిష్ పల్లె చరిత్ర

పోలండ్ నైరుతి మూలన, చెక్ సరిహద్దు కొండలకు కాస్త ఇవతల, క్షిజోవా అనే పల్లె ఉంది. వ్రోత్స్వాఫ్ నగరం నుంచి సుమారు 60 కిలోమీటర్ల దూరం. దగ్గరి పట్టణం ష్విద్‌నిత్సా. ఊరి జనాభా వందల్లోనే. చుట్టూ పొలాలు, ఒక చిన్న ఏరు, ఒక చర్చి, ఊరి మధ్యలో విశాలమైన ఆవరణ చుట్టూ కట్టిన పాత జమీందారీ భవనాలు. 1907లో ఈ ఊళ్ళో పుట్టిన పిల్లవాడు జర్మన్ పౌరుడు, అప్పట్లో ఊరి పేరు క్రైజావ్. 1947లో ఇదే ఊళ్ళో పుట్టిన పిల్లవాడు పోలిష్ పౌరుడు. ఈ ఇద్దరి కుటుంబాలకూ ఏ చుట్టరికమూ లేదు, ముఖపరిచయం కూడా లేదు. ఆ నలభై ఏళ్ళ మధ్యలో ఊరు ఊరంతా ఖాళీ అయింది, ఎక్కడెక్కడి వాళ్ళో వచ్చి అవే ఇళ్ళల్లో పొయ్యి వెలిగించారు.

ఊరి చరిత్ర అనగానే మనకు తాతముత్తాతలు, గుడి, చెరువు, కరణాల లెక్కలు గుర్తొస్తాయి. నేల కథా, దాన్ని దున్నినవాళ్ళ కథా కలిసే నడుస్తాయని అనుకుంటాం. క్షిజోవాలో ఆ రెండూ 1945లో విడిపోయాయి. అందుకే చాలాకాలం ఈ ఊరి కథ సగం సగమే చెప్పారు. జర్మన్లు చెబితే కథ 1945లో ఆగిపోయేది. పోలండ్ కమ్యూనిస్టు ప్రభుత్వం చెబితే మధ్యయుగాల నుంచి ఒక్క గెంతులో 1945కి వచ్చేసేది, మధ్యలో వందల ఏళ్ళు ఎవరున్నారో మాట్లాడేది కాదు. రెండు సగాలనూ పక్కపక్కన పెట్టి చదివితేనే ఈ ఊరు అర్థమవుతుంది. ఆ పని మొదట చేసింది ప్రభుత్వాలు కాదు, మామూలు పౌరులు. ఈ కథలో నాకు అన్నిటికన్నా ముఖ్యంగా అనిపించేది అదే.

చేతులు మారిన నేల

ముందు ఈ ఊరున్న సైలీషియా ప్రాంతం గురించి చెప్పుకోవాలి, లేకపోతే "అసలు ఇది ఎవరిది?" అన్న ప్రశ్న దగ్గరే చిక్కుకుపోతాం.

మధ్యయుగాల్లో పోలండ్‌ను ఏలిన పియాస్ట్ వంశానికి చెందిన శాఖలే సైలీషియాలోని చిన్న చిన్న సంస్థానాలను పాలించాయి. 14వ శతాబ్దంలో అవి ఒక్కొక్కటిగా బొహీమియా (ఇప్పటి చెక్ ప్రాంతం) రాజుల కిందికి వెళ్ళాయి. అందరికన్నా ఎక్కువ కాలం స్వతంత్రంగా నిలిచింది క్షిజోవా పక్కనున్న ష్విద్‌నిత్సా సంస్థానమే. ఆ వంశపు ఆడపడుచు అన్నాను బొహీమియా రాజు నాలుగో చార్లెస్ 1353లో పెళ్ళి చేసుకున్నాడు. ఆ సంబంధం వల్ల చివరికి 1392లో అది కూడా బొహీమియాలో కలిసింది. 1526లో బొహీమియాతో పాటు ఆస్ట్రియా హాబ్స్‌బర్గుల చేతికి వచ్చింది. 1740లో ప్రష్యా రాజు రెండో ఫ్రెడరిక్ దండెత్తి వచ్చి, 1742 ఒప్పందంతో సైలీషియాలో చాలా భాగం సొంతం చేసుకున్నాడు. 1871లో ప్రష్యా నాయకత్వంలో జర్మనీ ఏర్పడింది, 1945లో పోలండ్ వచ్చింది.

జెండాల కథ ఇలా నడిస్తే, జనం కథ ఇంకోలా నడిచింది. 13వ శతాబ్దం నుంచే పియాస్ట్ పాలకులు జర్మన్ రైతులను, చేతివృత్తుల వాళ్ళను పిలిచి భూములిచ్చి కూర్చోబెట్టారు. తరాలు గడిచేకొద్దీ దిగువ సైలీషియాలో జర్మన్ భాషే ఇంటి భాష అయింది. 19వ శతాబ్దం నాటికి క్రైజావ్ చుట్టుపక్కల పోలిష్ మాట్లాడేవాళ్ళు దాదాపు లేరు. కాబట్టి "ఇది ఎప్పటినుంచో పోలిష్ నేల" అన్నవాళ్ళ దగ్గరా నిజం ఉంది, "వందల ఏళ్ళుగా ఇక్కడున్నది జర్మన్లే" అన్నవాళ్ళ దగ్గరా నిజం ఉంది. ఎవరికి కావలసిన శతాబ్దాన్ని వాళ్ళు ఎంచుకున్నారు, అంతే.

ఈ ప్రాంతానికి సర్దుకుపోవడం కొత్త కాదనడానికి ష్విద్‌నిత్సాలో ఒక కట్టడం సాక్ష్యంగా ఉంది. ముప్పై ఏళ్ళ యుద్ధం ముగిశాక, 1648 ఒప్పందం ప్రకారం కాథలిక్ చక్రవర్తి ఇక్కడి ప్రొటెస్టంట్లకు చర్చి కట్టుకోవడానికి ఒప్పుకున్నాడు గానీ బోలెడు షరతులు పెట్టాడు. రాయి వాడకూడదు, శిఖరం ఉండకూడదు, కోటగోడ బయటే కట్టాలి, ఏడాదిలో పూర్తి చేయాలి. వాళ్ళు కర్ర, మట్టి, గడ్డితోనే వేలమంది పట్టే చర్చిని 1657 నాటికి కట్టేశారు. అది ఇప్పటికీ నిలిచి ఉంది. 2001లో యునెస్కో దాన్ని ప్రపంచ వారసత్వ జాబితాలో చేర్చింది.

యుద్ధంలో గెలిచిన డబ్బుతో కొన్న ఊరు

19వ శతాబ్దం దాకా క్రైజావ్‌ను బయటివాళ్ళు గుర్తుపెట్టుకోవాల్సిన కారణమేమీ లేదు. 1866లో ప్రష్యా ఆస్ట్రియాను ఓడించింది. ఆ గెలుపుకు పథకం వేసిన సైన్యాధిపతి హెల్ముత్ ఫాన్ మోల్ట్‌కే. ప్రష్యా చట్టసభ అతనికి 2 లక్షల థేలర్ల బహుమానం ఇచ్చింది. ఆ డబ్బుతో 1867లో అతను క్రైజావ్‌నూ, పక్కనున్న మరో రెండు ఊళ్ళ భూములనూ కొన్నాడు. మరుసటి ఏడాది భార్య చనిపోతే ఊరి పక్క కొండ మీద సమాధి మందిరం కట్టించాడు. 1891లో అతన్నీ అక్కడే ఉంచారు. పిల్లల్లేరు కాబట్టి ఎస్టేట్ తమ్ముడి సంతతికి పోయింది.

జర్మనీలో మోల్ట్‌కే అంటే జాతీయ వీరుడు. 1870–71లో ఫ్రాన్స్‌ను ఓడించింది కూడా అతనే. అతని వారసులు కోట భవనంలో మెట్ల దగ్గర గోడల మీద రెండు పెద్ద చిత్రాలు వేయించారు. ఒకదానిలో 1806లో నెపోలియన్ సైనికులు ల్యూబెక్ నగరంలో ఇళ్ళు దోచుకుంటున్నారు. అది మోల్ట్‌కే పసితనంలో అతని ఇంటికే జరిగిన సంఘటన. రెండోదానిలో 1871లో ప్రష్యా సైన్యం పారిస్‌లో అడుగుపెడుతోంది. మెట్లెక్కే ప్రతివాళ్ళకూ కథ ఒక్క చూపులో అర్థమయ్యేలా గీయించారు: వాళ్ళు మనల్ని అవమానించారు, మనం బదులు తీర్చుకున్నాం. ఈ చిత్రాలు ఇప్పటికీ అక్కడే ఉన్నాయి. వాటిని చెరిపేయకుండా బాగుచేయించి ఉంచినందుకు ఇప్పటి పోలిష్ నిర్వాహకులను మెచ్చుకోవాలి. పగ తరాల మీదుగా ఎలా నడుస్తుందో పిల్లలకు చెప్పడానికి ఇంతకన్నా మంచి పాఠం దొరకదు.

ఇంకో మాట కూడా చెప్పాలి. ఈ మోల్ట్‌కే 1890లో, తొంభయ్యో ఏట, జర్మన్ పార్లమెంటులో మాట్లాడుతూ రాబోయే యుద్ధం ఏడేళ్ళు సాగవచ్చు, ముప్పై ఏళ్ళూ సాగవచ్చు, యూరప్‌కు నిప్పు పెట్టేవాడికి శాపం తగులుతుందని హెచ్చరించాడు. 1914లో ఆ యుద్ధం వచ్చినప్పుడు జర్మన్ సైన్యాధిపతిగా ఉన్నది అతని తమ్ముడి కొడుకే.

కొండ మీది ఇల్లు

1907లో క్రైజావ్‌లో పుట్టిన పిల్లవాడి పేరు హెల్ముత్ జేమ్స్ ఫాన్ మోల్ట్‌కే. తల్లి డొరొతీ దక్షిణాఫ్రికాలో పెరిగిన బ్రిటిష్ సంతతి మహిళ, ఆమె తండ్రి ఆ దేశ ప్రధాన న్యాయమూర్తిగా పనిచేశాడు. ఇంట్లో ఇంగ్లిష్, జర్మన్ రెండూ వినిపించేవి. కుర్రవాడు న్యాయశాస్త్రం చదువుతున్న రోజుల్లో దగ్గర్లోని వాల్డెన్‌బుర్గ్ బొగ్గుగనుల్లో కార్మికులు ఆకలితో అల్లాడుతుండేవారు. కార్మికుల పిల్లలనూ, రైతుల పిల్లలనూ, విద్యార్థులనూ ఒకచోట కూర్చోబెట్టి మాట్లాడించే శిబిరాలను అతనూ, స్నేహితులూ కలిసి నడిపారు. తర్వాత అతను చేసిన పెద్ద పనికి మొలక అక్కడే ఉంది.

1929లో, 22 ఏళ్ళకే, అప్పుల్లో మునిగిన ఎస్టేట్ బాధ్యత అతని మీద పడింది. పెద్ద కోటను వెచ్చగా ఉంచాలంటే ఖర్చు మోయలేక కుటుంబం కొండవాలున ఉన్న చిన్న ఇంటికి మారింది. 1931లో కొలోన్ నగరానికి చెందిన బ్యాంకరు కూతురు ఫ్రేయాతో పెళ్ళయింది. ఆమె కూడా న్యాయశాస్త్రంలో డాక్టరేట్ చేసింది. నాజీలు వచ్చాక హెల్ముత్ జడ్జీ కాగల అవకాశం వదులుకున్నాడు, పార్టీలో చేరాల్సి వస్తుందని. బెర్లిన్‌లో వకీలుగా ఉంటూ దేశం విడిచిపోవాలనుకునే యూదులకు సాయం చేశాడు. యుద్ధం మొదలయ్యాక సైనిక గూఢచారి విభాగంలో అంతర్జాతీయ చట్ట నిపుణుడిగా చేర్చారు. ఆ కుర్చీలో కూర్చోవడం వల్ల తూర్పున ఏం జరుగుతోందో అతనికి ముందే తెలిసింది. 1941 అక్టోబరులో భార్యకు రాసిన ఉత్తరంలో ఇవన్నీ తెలిసి కూడా వెచ్చటి గదిలో కూర్చుని టీ తాగగలనా, అలా తాగితే నేనూ దోషినే కదా అని తనను తాను ప్రశ్నించుకున్నాడు.

బెర్లిన్‌లో పీటర్ యోర్క్ అనే స్నేహితుడితో కలిసి నమ్మకస్తులను కూడగట్టాడు. ఆ గుంపును చూస్తే ఆశ్చర్యమేస్తుంది. కార్లో మీరెన్‌డార్ఫ్, యూలియస్ లేబర్ లాంటి సోషలిస్టులు. ఆల్‌ఫ్రెడ్ డెల్ప్ లాంటి జెస్విట్ పాదిరీలు. ప్రొటెస్టంట్ మతపండితులు. ఆడమ్ ఫాన్ ట్రోట్ లాంటి దౌత్యవేత్తలు. పాత జమీందారీ కుటుంబాల వారసులు. పదేళ్ళ ముందు ఒకరి ముఖం ఒకరు చూసేవాళ్ళు కాదు. వీళ్ళల్లో కొందరు మూడుసార్లు క్రైజావ్‌లోని ఆ చిన్న ఇంట్లో కలుసుకున్నారు: 1942 మే, అదే ఏడాది అక్టోబరు, 1943 జూన్. బయటివాళ్ళకు అది సెలవులకు పల్లెకు వచ్చిన స్నేహితుల కలయికలా కనిపించాలి. ఫ్రేయా వచ్చినవాళ్ళకు పడకలు, భోజనాలు చూసుకునేది. రేషన్ రోజుల్లో పల్లెలో తిండి దొరకడం కూడా ఒక సౌకర్యమే.

వాళ్ళు అక్కడ మాట్లాడుకున్నది హిట్లర్‌ను ఎలా చంపాలా అని కాదు, హిట్లర్ తర్వాత ఏమిటని. బడులు ఎలా ఉండాలి? చర్చికీ ప్రభుత్వానికీ సంబంధం ఏమిటి? పరిశ్రమల నిర్వహణలో కార్మికులకు ఎంత వాటా? నేరాలు చేసినవాళ్ళను ఏ చట్టం కింద శిక్షించాలి? యూరప్ దేశాలు ఒక సమాఖ్యగా బతకగలవా? 1943 ఆగస్టు నాటికి ఈ ఆలోచనలు కాగితాల మీదికి వచ్చాయి. అన్నిటికీ పునాది ఒకటే: అధికారం కింది నుంచి, చిన్న చిన్న సముదాయాల నుంచి పైకి పెరగాలి.

ఇక్కడ కాస్త నిక్కచ్చిగా ఉండాలి. ఈ ప్రణాళికను ఇవాళ చదివితే కొన్నిచోట్ల ఇబ్బందిగా ఉంటుంది. పై స్థాయి చట్టసభలకు జనం నేరుగా ఓటు వేయరు, కింది సభలే ఎన్నుకుంటాయి. కుటుంబ పెద్దకు ఓటుహక్కు లేని ప్రతి బిడ్డకూ అదనంగా ఒక ఓటు. జనం ఓట్ల మీదుగానే హిట్లర్ ఎదిగాడని చూసినవాళ్ళ భయం అందులో కనిపిస్తుంది. వాళ్ళను నేటి ప్రజాస్వామ్యానికి ముందస్తు రూపంగా చూపించడం అతి. కానీ అప్పటి పరిస్థితిని కూడా చూడాలి. యుద్ధంలో ఓడిపోతామని పైకి అనడమే మరణశిక్షకు చాలిన రోజులు. అలాంటప్పుడు ఓటమి ఖాయమని ముందే ఒప్పుకుని, తర్వాత మనుషుల్లా ఎలా బతకాలో కూర్చుని రాసుకున్నారు. నాజీ వ్యతిరేకుల్లోనే గోర్డెలర్ లాంటి సంప్రదాయవాదులు 1914 నాటి తూర్పు సరిహద్దులు జర్మనీకే ఉండాలని కోరుకుంటున్న సమయమది. ఒక దేశం ఇంకో దేశం మీద స్వారీ చేయని యూరప్ గురించి క్రైజావ్‌లో మాట్లాడుకోవడం చిన్న విషయం కాదు.

హిట్లర్‌ను హత్య చేయడానికి మోల్ట్‌కే ఒప్పుకోలేదు. మతవిశ్వాసం ఒక కారణమైతే, చంపేస్తే అతన్ని అమరుడిని చేసి "వెన్నుపోటు వల్ల ఓడిపోయాం" అనే కట్టుకథ మళ్ళీ పుడుతుందన్న లెక్క ఇంకోటి. ఒక పరిచయస్తుణ్ణి నీకు అరెస్టు రాబోతోందని హెచ్చరించిన సంగతి బయటపడి 1944 జనవరిలో అతన్నే పట్టుకున్నారు. జూలై 20న హిట్లర్‌ను చంపడానికి సైనికాధికారి స్టౌఫెన్‌బెర్గ్ వేసిన బాంబు పథకం విఫలమయ్యాక, అందులో పాల్గొన్న యోర్క్‌నూ ట్రోట్‌నూ ఉరితీశారు. విచారణల్లో బయటపడిన ఈ బృందానికి "క్రైజావ్ సర్కిల్" అని పేరు పెట్టింది కూడా నాజీ పోలీసులే. పల్లె పేరు చరిత్రలోకి అలా ఎక్కింది.

చివరి నెలల్లో మోల్ట్‌కే బెర్లిన్ టేగెల్ జైల్లో ఉన్నాడు. అక్కడి జైలు పాదిరి హరాల్డ్ పోయెల్షావ్ ఆ బృందంలోనే సభ్యుడన్న సంగతి అధికారులకు తెలియదు. అతను ఖైదీల గదులకు వెళ్ళేటప్పుడు ఫ్రేయా ఉత్తరాలు జేబులో పెట్టుకుని లోపలికి, హెల్ముత్ ఉత్తరాలు బయటికి తెచ్చేవాడు. దొరికితే అతనిదీ ప్రాణమే. 1945 జనవరిలో న్యాయస్థానం పేరుతో నడిచిన తంతులో ఫ్రైస్లర్ అనే జడ్జి మరణశిక్ష వేశాడు. తాము ఏమీ చేయలేదనీ, కలిసి ఆలోచించినందుకే తమను ఉరితీస్తున్నారనీ మోల్ట్‌కే భార్యకు రాశాడు. ఆ మాటలో అతనికి ఒక రకమైన తృప్తి కూడా ఉంది. జనవరి 23న శిక్ష అమలైంది. అతనికి 37 ఏళ్ళు. సమాధి కూడా లేదు.

ఫ్రేయా ఆ ఉత్తరాలన్నీ క్రైజావ్ తోటలోని తేనెపెట్టెల్లో దాచింది. సోదాకు వచ్చిన పోలీసులు అల్మారాలు తీస్తారు, పరుపులు చింపుతారు, కానీ తేనెటీగలు కదిలే పెట్టెలో చెయ్యి పెట్టడానికి జంకుతారు. పల్లెటూరి మనిషికి తట్టే ఉపాయం. ఆ వెయ్యికి పైగా ఉత్తరాలు దక్కాయి కాబట్టే ఇప్పుడు ఈ బృందం గురించి ఇంత వివరంగా మాట్లాడుకోగలుగుతున్నాం.

ఊరు ఖాళీ అయింది, ఊరు నిండింది

1945 మే 8న సోవియట్ సైన్యం ష్విద్‌నిత్సాకు వచ్చింది. ఆ వేసవిలో పోట్స్‌డామ్‌లో కూర్చున్న ముగ్గురు విజేతలు ఓడర్–నైసే నదుల తూర్పునున్న జర్మన్ భూములను పోలండ్ పాలనకు అప్పగించారు, అక్కడి జర్మన్లను "క్రమబద్ధంగా, మానవీయంగా" తరలించాలని తీర్మానించారు. క్రమం, మానవీయత ఎక్కువగా కాగితం మీదే ఉన్నాయి. ఫ్రేయా ఇద్దరు చిన్నపిల్లలతో ఆ అక్టోబరులో ఊరు వదిలింది, ఉత్తరాలు వెంట తీసుకెళ్ళింది. ఈ ప్రాంతంలోని మిగతా జర్మన్లలో ఎక్కువమందిని 1946, 47ల్లో రైళ్ళల్లో పంపేశారు. గనుల్లో పని ఆగిపోతుందని వాల్డెన్‌బుర్గ్ జర్మన్ కార్మికుల్లో కొందరిని మాత్రం కొన్నాళ్ళు వెళ్ళనివ్వలేదు.

ఈ తరలింపు అన్యాయమా అంటే, ఒక ఊళ్ళో పుట్టిన తప్పుకు ముసలమ్మను మూటతో రైలెక్కించడం ఏ లెక్కలోనూ న్యాయం కాదు. కానీ ఆ వాక్యం దగ్గర ఆగిపోతే మాత్రం తప్పు. అంతకు ముందు ఆరేళ్ళలో పోలండ్ సుమారు 60 లక్షలమంది పౌరులను పోగొట్టుకుంది, వాళ్ళల్లో సగం మంది యూదులు. ఈ పల్లె ఉన్న ప్రాంతంలోనే గ్రోస్-రోజెన్ అనే నాజీ నిర్బంధ శిబిరం నడిచింది, రాతిక్వారీ పనిలోనూ, ఆ శిబిరానికి అనుబంధంగా ఉన్న వాటిల్లోనూ పదుల వేలమంది చనిపోయారు. కారణాలు, ఫలితాలు ఇలా వరసగా ఉన్నాయి. వీటిలో ఒకదాన్ని చూపించి ఇంకోదాన్ని కప్పేయడం రెండు వైపులా చాలా ఏళ్ళు నడిచింది.

వచ్చినవాళ్ళు ఎవరు? పోలండ్ తూర్పున సుమారు 1 లక్ష 80 వేల చదరపు కిలోమీటర్లు సోవియట్ యూనియన్‌కు పోగొట్టుకుని, పడమర, ఉత్తరాల్లో సుమారు లక్ష చదరపు కిలోమీటర్లు పొందింది. ఇప్పటి ఉక్రెయిన్, బెలారుస్, లిథువేనియా ప్రాంతాల్లోని పోలిష్ రైతులు తమ ఊళ్ళు వదిలి వారాల తరబడి గూడ్సు పెట్టెల్లో ఆవులతో, సామానుతో ప్రయాణించి సైలీషియా చేరారు. మధ్య పోలండ్‌లో భూమి లేని బీదరైతులు వచ్చారు. సోవియట్ యూనియన్‌లో ప్రాణాలు దక్కించుకున్న వేలాదిమంది యూదులు పక్కనున్న జెర్జోన్యూఫ్ పట్టణం చుట్టుపక్కల స్థిరపడ్డారు, తర్వాతి ఏళ్ళలో చాలామంది అక్కడి నుంచి కూడా వెళ్ళిపోయారు. అంటే ఇల్లు పోగొట్టుకున్నవాళ్ళు, ఇల్లు పోగొట్టుకుంటున్నవాళ్ళ ఇళ్ళల్లో దిగారు. కొన్ని ఇళ్ళల్లో కొన్ని నెలలపాటు రెండు కుటుంబాలూ ఒకే వంటింట్లో వండుకున్న సందర్భాలు ఈ ప్రాంతంలో ఉన్నాయి.

ఈ తూర్పు పోలండ్ కథకు మన దేశంతో కూడా ఒక ముడి ఉంది. 1940, 41ల్లో సోవియట్ ప్రభుత్వం అదే తూర్పు ప్రాంతాల నుంచి సైబీరియాకు, మధ్య ఆసియాకు పంపేసిన పోలిష్ కుటుంబాల్లో కొన్ని ఇరాన్ మీదుగా ఇండియా చేరాయి. జామ్‌నగర్ దగ్గర బాలాచడిలో నవానగర్ మహారాజు దిగ్విజయ్‌సింగ్ అనాథ పిల్లలకు ఆశ్రయమిచ్చాడు. కొల్హాపూర్ దగ్గర వలివడేలో 1943 నుంచి 1948 దాకా సుమారు 5 వేలమంది, ఎక్కువగా ఆడవాళ్ళూ పిల్లలూ, తమ చర్చి, బడి పెట్టుకుని బతికారు. యుద్ధం ముగిశాక వాళ్ళకు తిరిగి వెళ్ళడానికి సొంత ఊరు పోలండ్‌లో లేదు. సైలీషియాకు రైళ్ళల్లో వచ్చినవాళ్ళది కూడా అదే బాధ.

కొత్త ప్రభుత్వం ఈ నేలను "తిరిగి దక్కిన భూములు" అంది. జర్మన్ రాతలు చెరిపించింది, సమాధుల మీద పేర్లతో సహా. ముసలి మోల్ట్‌కే సమాధి మందిరంలోని శవపేటికలు ఆ గందరగోళంలోనే మాయమయ్యాయి. ఎస్టేట్‌ను ప్రభుత్వ వ్యవసాయక్షేత్రం చేశారు, కోటనూ కొట్టాలనూ దాని అవసరాలకు వాడుకున్నారు. మరమ్మతులు లేక కప్పులు కూలాయి. వచ్చినవాళ్ళ సోమరితనం అని అప్పట్లో జర్మన్లు కొందరు అనేవాళ్ళు. అసలు కారణం టెన్షన్. శాంతి ఒప్పందం లేదు, పశ్చిమ జర్మనీ సరిహద్దును గుర్తించలేదు. రేపు జర్మన్లు తిరిగొస్తే ఈ ఇల్లు మనదేనా? అలాంటప్పుడు పెంకులు మార్చడానికి ఎవరికి మనసొస్తుంది? మూటలు విప్పకుండా బతకడమంటే ఏమిటో పడమటి పోలండ్‌లో ఒక తరానికి బాగా తెలుసు.

1989: ముందు జూన్, తర్వాత నవంబరు

ఈ మంచు ఒక్కసారిగా కరగలేదు. 1965 నవంబరులో పోలిష్ బిషప్పులు జర్మన్ బిషప్పులకు ఒక లేఖ రాశారు: మేము క్షమిస్తున్నాం, మమ్మల్ని క్షమించమని అడుగుతున్నాం. దాన్ని రాసింది వ్రోత్స్వాఫ్ బిషప్ బోలెస్వాఫ్ కొమినెక్. మేమెందుకు క్షమాపణ అడగాలని ఎంతోమంది పోలిష్ పౌరులు కోపగించుకున్నారు, ప్రభుత్వమైతే విరుచుకుపడింది. 1970 డిసెంబరులో పశ్చిమ జర్మనీ చాన్సలర్ విల్లీ బ్రాండ్ట్ వార్సా వచ్చి సరిహద్దును గుర్తించే ఒప్పందం మీద సంతకం పెట్టాడు.

అదే కాలంలో వ్రోత్స్వాఫ్‌లో కరోల్ యోన్‌త్సా అనే చట్టచరిత్ర ప్రొఫెసర్ క్రైజావ్ బృందం మీద పరిశోధన చేశాడు. జర్మన్లలో మంచివాళ్ళు కూడా ఉన్నారని రాయడం ఆ రోజుల్లో సులువు కాదు. 1989 జూన్ 2 నుంచి 4 దాకా వ్రోత్స్వాఫ్ కాథలిక్ మేధావుల క్లబ్ ఒక సమావేశం పెట్టింది. పోలండ్ వాళ్ళు, తూర్పు జర్మనీ వాళ్ళు, పశ్చిమ జర్మనీ వాళ్ళు, డచ్చివాళ్ళు, అమెరికా వాళ్ళు కూర్చుని క్రైజావ్ బృందం గురించి మాట్లాడుకున్నారు, శిథిలమైన ఆ ఎస్టేట్‌ను యువత కలుసుకునే చోటుగా మార్చాలని కోరారు. అది కూర్చుని ముచ్చటించుకునే సమయం కూడా కాదు. జూన్ 4 పోలండ్‌లో ఎన్నికల రోజు, కమ్యూనిస్టు పార్టీని జనం ఓడించిన రోజు. బెర్లిన్ గోడ అప్పటికి నిలబడే ఉంది. వీళ్ళ వెనక ఏ ప్రభుత్వమూ లేదు.

ఆగస్టులో తదేయుష్ మజోవ్యెత్స్కీ ప్రధాని అయ్యాడు. నవంబరు 9న పశ్చిమ జర్మనీ చాన్సలర్ హెల్ముత్ కోల్ వార్సాలో దిగాడు. ఆ రాత్రే బెర్లిన్ గోడ తెరుచుకుంది. కోల్ మర్నాడు బెర్లిన్‌కు పరిగెత్తి, మళ్ళీ పోలండ్‌కు తిరిగొచ్చాడు. ఇద్దరూ కలిసి దివ్యబలి పూజలో పాల్గొనాలని ముందే అనుకున్నారు, కానీ ఎక్కడ? మొదట అనుకున్నది ఎగువ సైలీషియాలోని సెయింట్ ఆన్ కొండ. 1921లో పోలిష్, జర్మన్ దళాలు అక్కడ హోరాహోరీగా కొట్టుకున్నాయి, రెండు జాతీయవాదాలకూ అది పుణ్యక్షేత్రం లాంటిది. పోలండ్‌లో గగ్గోలు లేచింది. అప్పుడు క్షిజోవా పేరు ముందుకొచ్చింది. జర్మన్లకు అది గౌరవంగా చెప్పుకోగల చోటు, పోలిష్ జనానికి బెదురు పుట్టించని చోటు. జూన్‌లో ఆ సమావేశం జరగకపోయి ఉంటే ఆ పేరు ఎవరికి తట్టేది?

నవంబరు 12న, చలిలో, కూలిపోతున్న కోట ముందు ఒపొలే బిషప్ ఆల్ఫోన్స్ నొస్సోల్ రెండు భాషల్లో పూజ జరిపాడు. శాంతి పంచుకునే ఘట్టంలో మజోవ్యెత్స్కీ, కోల్ ఒకరినొకరు కావలించుకున్నారు. పోలిష్–జర్మన్ సయోధ్య అనగానే పత్రికలు ఇప్పటికీ వేసేది ఆ ఫొటోనే. అయితే ఆ గుంపులోనే సైలీషియా జర్మన్ మైనారిటీ వాళ్ళు "హెల్ముత్, నువ్వు మాకూ చాన్సలర్‌వే" అని బ్యానర్ పట్టుకున్నారు. దశాబ్దాలపాటు తాము జర్మన్లమని పైకి చెప్పుకోలేనివాళ్ళ మాట అది. చాలామంది పోలిష్ ప్రేక్షకులకు మాత్రం గుండెలో గుబులు పుట్టించింది. ఆ గుబులుకు కారణం ఉంది. నవంబరు 28న కోల్ ప్రకటించిన పది అంశాల ఐక్యత ప్రణాళికలో పోలండ్ సరిహద్దు ప్రస్తావనే లేదు. కౌగిలింత నిజమే కావచ్చు, ఓడర్–నైసే మీద చివరి సంతకం మాత్రం 1990 నవంబరు 14న గానీ పడలేదు. మంచి ఇరుగుపొరుగు ఒప్పందం 1991 జూన్ 17న వచ్చింది. నా దృష్టిలో ఇళ్ళ పెంకులు మార్చుకోవడానికి ధైర్యం ఇచ్చింది ఆ సంతకమే, ఫొటో కాదు.

తర్వాత

1990లో యూరప్‌లో పరస్పర అవగాహన కోసం క్షిజోవా ఫౌండేషన్ ఏర్పడింది. 1970ల్లో పశ్చిమ జర్మనీ పోలండ్‌కు ఇచ్చిన పెద్ద అప్పులో కొంత భాగాన్ని, పోలిష్ కరెన్సీలోనే ఉమ్మడి పనులకు వాడుకునేలా రెండు దేశాలూ మార్చుకున్నాయి. ఎస్టేట్ పునర్నిర్మాణానికి డబ్బు వచ్చిన దారుల్లో అది ముఖ్యమైనది. 1998లో అంతర్జాతీయ యువజన కేంద్రం తెరుచుకుంది. ఒకప్పటి జమీందారీ ఆవరణలోని పశువుల కొట్టాలు, ధాన్యపు కొట్లు బసలుగా, సమావేశ గదులుగా మారాయి. పోలండ్, జర్మనీ బడిపిల్లలతో పాటు మూడో దేశం నుంచి కూడా పిల్లలను కలిపి కూర్చోబెట్టడం అక్కడ పద్ధతి. ఇద్దరే ఉంటే పాత లెక్కలు తేల్చుకునే కూర్చోవడం అవుతుంది, మూడోవాళ్ళుంటే మాట వేరే దారిలో పోతుంది. కొండవాలు ఇల్లు ఇప్పుడు స్మారకం. 2014 నవంబరులో పూజ జరిగి 25 ఏళ్ళయిన సందర్భంగా అప్పటి జర్మనీ చాన్సలర్ అంగెలా మెర్కెల్, పోలండ్ ప్రధాని ఎవా కొపాచ్ అక్కడికి వచ్చారు.

ఒక ఫిర్యాదు కూడా ఉంది, దాన్ని తేలిగ్గా తీసేయకూడదు. ఊరి పేరు ప్రపంచానికి మోల్ట్‌కేల వల్ల తెలుసు. 1945 తర్వాత ఇక్కడ బతికినవాళ్ళు, తూర్పున ఊరు పోగొట్టుకుని వచ్చి రాజ్యం పొలంలో జీవితమంతా పాలు పిండినవాళ్ళు, ఆ కథలో పక్కకు పోయారు. పైగా 1990ల మొదట్లో దేశమంతటా ప్రభుత్వ వ్యవసాయక్షేత్రాలు మూతపడి లక్షలమంది కూలీలు వీధిన పడ్డారు. ఆ గాయం గురించి సయోధ్య ఉపన్యాసాల్లో ఎవరూ ఎత్తరు. క్షిజోవా చరిత్ర రాస్తే తేనెపెట్టెలకు ఎంత చోటిస్తారో, ఇప్పటి ఉక్రెయిన్‌లోని లివీవ్ వైపు నుంచి గూడ్సు పెట్టెలో వచ్చిన ఆవుకూ అంత చోటివ్వాలి. ఆ రెండో సగం ఇంకా సరిగా రాయలేదని నాకు అనిపిస్తుంది.

ఫ్రేయా యుద్ధం తర్వాత కొన్నేళ్ళు దక్షిణాఫ్రికాలో ఉండి, జర్మనీకి తిరిగొచ్చి, 1960 నుంచి అమెరికాలోని వెర్మాంట్‌లో స్థిరపడింది. ఎస్టేట్ తిరిగి ఇమ్మని ఆమె ఎన్నడూ అడగలేదు. పోలిష్ చేతుల్లో ఉన్న క్షిజోవా కోసమే నిధులు కూడబెట్టే పనిలో పాలుపంచుకుంది, 2004లో ఆమె పేరుతోనే జర్మనీలో ఒక ఫౌండేషన్ పెట్టారు. 2010 జనవరి 1న, 98 ఏళ్ళ వయసులో చనిపోయింది. పోలండ్, జర్మనీ ఒకే యూరోపియన్ యూనియన్‌లో ఉండటం, ఆ సరిహద్దు దగ్గర పాస్‌పోర్టు తనిఖీలు ఎత్తేయడం ఆమె కళ్ళారా చూసింది. 1943లో ఆ కొండవాలు ఇంట్లో కూర్చుని మాట్లాడుకున్నవాళ్ళల్లో చాలామంది యుద్ధం ముగిసే దాకా కూడా బతకలేదు.